భూతయజ్ఞము – సముద్రకూర్మము





మాఘమాస ప్రసంగములలో నేడు పంచమహాయజ్ఞములను గూర్చి చెప్పవలసినదిగా ధర్మకర్తలు మమ్ము కోరినారు. ఐదింటిని ఒక్క సాయంకాలమున చెప్పబూనినచో ఒక్కదానికిని న్యాయము జరుగదు. కావున నాలుగింటిని నామమాత్రముగా స్మరించి, మిగిలిన ఒక్కదానిని కొంచెము విస్తరించి మనవి చేయుదుము.

తైత్తిరీయారణ్యకమున రెండవ ప్రశ్నయందు ఈ యజ్ఞములు విధింపబడినవి. దేవతల నుద్దేశించి అగ్నియందు సమిధనైనను వ్రేల్చుట దేవయజ్ఞము. పితరులకు నీటినైనను విడుచుట పితృయజ్ఞము. అతిథికి అన్నమిడుట మనుష్యయజ్ఞము. వేదమున ఒక్క మంత్రమునైనను అధ్యయనము చేయుట బ్రహ్మయజ్ఞము. ప్రాణికోటికి బలి నిచ్చుట భూతయజ్ఞము. నేటి మన విషయము ఈ భూతయజ్ఞమే.

బలి యనగానే కొందరు కత్తిని తలచుకొందురు. ఇచ్చట బలి యనగా మన అన్నములోనుండి భాగము తీసి పెట్టుట. వైశ్వదేవమైన పిమ్మట గృహస్థు వాకిట కాకికి, కుక్కకు, చీమకు అన్నము పెట్టి, చేతులు కడుగుకొని, ఆ తరువాతనే విస్తరి ముందు కూర్చుండుట మా చిన్ననాట ఇంటింట చూచినాము. అది జాలితో చేయు దానము కాదు. ‘నీ భాగము నీకు చేరినది, ఇక నా భాగము నేను తిందును’ అని లెక్క ఒప్పజెప్పుట. అందుకే శాస్త్రము దీనిని దాన మనక యజ్ఞ మన్నది. ఇష్టమున్నచో చేయుము అనక నిత్యము చేయు మన్నది.

అయితే నేడు పిడికెడు మెతుకులతో ఈ ఋణము తీరునా? మనము ప్రాణుల అన్నమును మాత్రమే తీసికొనలేదు. చెట్టును తీసికొన్నాము, చెరువును తీసికొన్నాము, చీకటిని సైతము తీసికొన్నాము. కాకికి మెతుకు పెట్టవలెనన్నచో ముందు కాకి యుండవలెను గదా! కనుక నేటి భూతయజ్ఞమునకు మొదటి అంగము ప్రాణిని ఉండనిచ్చుట.

ఒక జాతి నశించుట యనగా ఏమో పాఠశాలలో చదివిన మావంటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. పతంజలి మహర్షి మహాభాష్యమున వేదశాఖలను లెక్కించినాడు. ఋగ్వేదమునకు 21, యజుర్వేదమునకు 101, సామవేదమునకు 1000, అథర్వణమునకు 9. మొత్తము 1131 శాఖలు. నేడు మిగిలినవి పదికి కొంచెము అటునిటు మాత్రమే. తక్కినవాని నెవరును పనిగట్టుకొని కాల్చివేయలేదు. ఒక ఊరిలో ఒక ముసలి అధ్యాపకుడు శిష్యుడు లేక కన్నుమూసినాడు. ఆ రాత్రితో ఒక శాఖ పోయినది. ఊరికి తెలియలేదు, లోకమునకు తెలియలేదు. ఇప్పుడు ఎన్ని కోట్లు వెచ్చించినను ఆ స్వరము తిరిగి రాదు.

ఈ వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము కలదు. 1929లో మహాత్మాగాంధీగారు వచ్చి దాని భవనమునకు శంకుస్థాపన చేసినారు. పాత పత్రికలను, గ్రంథములను పురుగు పట్టకుండ తరతరములుగా కాచుకొనుచున్న ఊరు మీది. ఆఖరి ప్రతి పోయిన గ్రంథము పోయినట్లే యని మీకు ఒకరు బోధింపవలెనా? ప్రాణిజాతి యును అట్టిదే. అది బ్రహ్మ వ్రాసిన గ్రంథము. దానికి వేరొక ప్రతి లేదు.

అటువంటి గ్రంథమొకటి మీ గ్రామమునకు తూర్పున, కొద్ది దూరములోనే, ప్రతి సంవత్సరము ఈ మాఘ ఫాల్గునములలో రాత్రివేళ ఇసుకమీదికి నడచి వచ్చుచున్నది. అది సముద్రపు తాబేలు. ఆలివ్ రిడ్లే అని శాస్త్రజ్ఞులు పిలుచు జాతి.

తాబేలును గూర్చి వేదము ఏమి చెప్పినదో మొదట వినుడు. సంధ్యావందనమునకు కూర్చుండునపుడు ఆసనమంత్రమునకు ఋషిని, ఛందస్సును, దేవతను స్మరింతుము. ఆ మంత్రమునకు దేవత ఎవరు? కూర్ముడు. అనగా ప్రతిదినము భూమిమీద కూర్చుండుటకు ముందు కూర్ముని అనుమతి తీసికొనుచున్నాము. ఆలయమున గర్భగృహము క్రింద కూర్మశిల నుంచి, దానిపై స్వామిని నిలుపుదురు. శతపథ బ్రాహ్మణము ప్రజాపతి కూర్మరూపము ధరించి ప్రాణులను సృజించెననియు, కూర్ముడే కశ్యపుడు గనుక ప్రాణులన్నియు కాశ్యపులే యనియు చెప్పుచున్నది. గోత్రము తెలియనివానిది కాశ్యపగోత్ర మనుట మీ రెరుగుదురు. ఆ లెక్కన తాబేలు మనకందరకు సగోత్రము.

అన్నిటికంటె గొప్ప మాట అరుణప్రశ్నలో కలదు. ఆదివారములందు సూర్యనమస్కారములతో పారాయణము చేయు ప్రశ్న యది. సృష్ట్యారంభమున ప్రజాపతి తపస్సు చేసి తన శరీరమును విదిలించెను. మాంసమునుండి కొందరు ఋషులు, గోళ్లనుండి వైఖానసులు, రోమములనుండి వాలఖిల్యులు పుట్టినారు. శరీరసారము నీటిలో కూర్మమై సంచరించెను. ప్రజాపతి దానిని చూచి, ‘నీవు నా చర్మమాంసములనుండి పుట్టితివి’ అన్నాడు. కూర్మము ‘కాదు, నేను ఇంతకు ముందే ఇచ్చట నున్నాను’ అని బదులు పలికెను. అప్పుడు సృష్టికర్త కోపింపలేదు. ‘నాకంటె ముందున్నవాడవు గనుక మొదట నీవే చేయుము’ అని ప్రక్కకు తొలగి చోటిచ్చినాడు.

దీని ఆంతర్యమును భాష్యకారులు పరమాత్మపరముగా వివరింతురు. అది సత్యమే. ఐనను పైపై అర్థము కూడ మనకొక ధర్మమును నేర్పుచున్నది. నేను చేసినవాడను, ఇది నాది యని ప్రజాపతియే అనబోయి వెనుకకు తగ్గినాడు. మన మెంత?

ఇక్కడ మా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట ఒక మాఘపౌర్ణమినాడు, శిష్యులతో కలిసి ఈ తీరమునకే స్నానమునకు వచ్చితిమి. ఒడ్డున ఒక పెద్ద తాబేలు చచ్చి పడియున్నది. మెడ ఉబ్బియున్నది, కన్నులు కాకులు తినివేసినవి. మేము ఉత్తరీయము ముక్కునకు అడ్డుపెట్టుకొని, మైల తగులునని దూరముగా తిరిగి పోవుచున్నాము. వల బాగుచేసికొనుచున్న వృద్ధ మత్స్యకారు డొకడు తల యెత్తి, ‘అయ్యగారూ, మీరు గుళ్లో మొక్కే సామి ఇదే గదా! మరి ఇక్కడ పక్కకి తప్పుకుపోతారేంది?’ అన్నాడు.

మాకు సమాధానము దొరకలేదు. ఆ ఉదయమే మేము అరుణము పారాయణము చేసియుంటిమి. ‘ముందే ఇచ్చట నున్నాను’ అన్న కూర్మము మా నాలుకపై నున్నది. కూర్మము మా కాళ్ల ముందు పడియున్నది. రెంటికి సంబంధము మాకు తోచలేదు. ఆ వృద్ధుడే తాబేలు ఎట్లు చచ్చునో మాకు చెప్పినాడు. తరువాత చదివి, తెలిసినవారిని అడిగి, మేము గ్రహించిన దిది.

తాబేలు నీటిలో నుండునే గాని చేపవలె నీటిలో ఊపిరి పీల్చలేదు. దానికి మనవలె ఊపిరితిత్తులు కలవు. మాటిమాటికి పైకి వచ్చి గాలి పీల్చుకొని పోవలెను. మరపడవలు అడుగునబట్టి ఈడ్చు వలలలో అది చిక్కినచో గంటలకొలది పైకి రాలేదు. సముద్రములో పెరిగిన ప్రాణి సముద్రములోనే మునిగి చచ్చును. 2025 జనవరిలో చెన్నై పరిసరముల తీరమున ఈ తాబేళ్లు వందలకొలది చచ్చి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవి.

ఆడ తాబేలు తాను పుట్టిన తీర ప్రాంతమును వెదకికొని వచ్చును. ఒడిశాలో గహిర్‌మఠ, ఋషికుల్య తీరములందు లక్షల సంఖ్యలో ఒకేమారు వచ్చును. మన ఆంధ్రతీరమున జనవరి మొదలు మార్చి, ఏప్రిల్ వరకు ఒక్కటొక్కటిగా వచ్చును. రాత్రి చీకటిలో ఇసుక యెక్కి, వెనుక కాళ్లతో మూరెడు గుంట త్రవ్వి, నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన పొట్టతో అదిమి, వెనుదిరిగి చూడక సముద్రములోనికి పోవును. నలుబదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. వేయి పిల్లలలో ఒకటి పెరిగి పెద్దదగుట గొప్ప యని చెప్పుదురు.

మన పెద్దలు చెప్పు న్యాయ మొకటి కలదు. చేప చూపుచేత, పక్షి స్పర్శచేత, తాబేలు తలంపుచేత తమ సంతానమును పోషించును. గురుకటాక్షమునకు ఈ మూడును ఉపమానములు. శాస్త్రజ్ఞులు ఇసుక వేడియే గ్రుడ్లను పొదుగుననియు, వేడి హెచ్చినచో ఆడపిల్లలు, తగ్గినచో మగపిల్లలు పుట్టుననియు చెప్పుచున్నారు. భూమి వేడెక్కుకొలది మగవి అరుదగును. ఈ రెండు మాటలకు మేము విరోధము చూడము. తల్లి దూరముననున్నది. దాని బదులు తలంపవలసినవారము ఒడ్డున నున్న మనము. తలచువారు లేని గూటిని కుక్కలు త్రవ్వుకొని తినును.

పిల్లలు రాత్రివేళ గుంటనుండి వెలువడి, వెలుతురున్న దిక్కునకు పరుగిడును. అనాదిగా ఆ వెలుతురు సముద్రముమీద పడిన చుక్కల కాంతి, వెన్నెల కాంతి. నేడు సముద్రముకంటె ఒడ్డున వెలుతురెక్కువ. విడిదిగృహముల దీపములు, రోడ్డు దీపములు, ఉత్సవముల దీపములు. పిల్లలు వానిని చూచి సముద్రమునకు వీపుపెట్టి ఊరివైపు పోవును. తెల్లవారుసరికి ఎండకు మాడును, లేదా కాకుల పాలగును. దీపము పెట్టుట పుణ్యమని నేర్పిన మేము ఈ మాట చెప్పవలసి వచ్చుట చిత్రమే. కాని దీపమునకు సైతము దేశకాలములు కలవు.

ప్లాస్టికు సంచి నీటిలో తేలునపుడు అది తినెడి జెల్లీచేపవలె కనబడును. మింగినచో అరగదు, వెడలదు. తాబేళ్లు తగ్గినకొలది, వాటికి ఆహారమగు జెల్లీచేపలను అదుపులో నుంచువారు తగ్గుదురు. అవి వలలలో నిండినచో నష్టపోవువారు మత్స్యకారులే. ఒక కన్ను పోయినచో రెండవ కన్నునకు భారము తప్పదు.

గీతలో భగవానుడు స్థితప్రజ్ఞుని కూర్మముతో పోల్చినాడు. కూర్మము తన అంగములను లోనికి ముడుచుకొనునట్లు జ్ఞాని ఇంద్రియములను విషయములనుండి మరల్చుకొనును. ఈ పోలికను మేము వందలమార్లు చెప్పియుంటిమి. అయితే చెరువు తాబేలు ముడుచుకొనగలదు గాని, సముద్రపు తాబేలు ముడుచుకొనలేదు. ఈదుటకై తెడ్లవలె పెరిగిన దాని కాళ్లు డిప్పలోనికి పోవు, తల పోదు. ఆపద వచ్చినపుడు అది లోనికి తగ్గి దాగలేదు. అది ముడుచుకొనలేదు గనుక ముడుచుకొనవలసినవారము మనమే. మన వలను కొంత, మన దీపమును కొంత, మన చేతిని కొంత లోనికి తీసికొనవలెను. ఇదియే మేము నేడు చెప్పదలచిన మాట.

మేము వల వేయువారము కాము. వల వేయనివాడు వల వేయువానికి నీతి చెప్పుట సులభము. ఆ దోషము మాకు తగులకుండుటకు, మొదట మన సంగతి మనము చూచుకొందము.

కార్తిక పౌర్ణమికి సూర్యలంక, వాడరేవు తీరములు జనముతో నిండును. మాఘపౌర్ణమికి హంసలదీవి మొదలు అనేక చోట్ల సముద్రస్నానములు జరుగును. మాఘము తాబేలు గ్రుడ్లు పెట్టు కాలము. మనము స్నానము చేసి పుణ్యము మూటగట్టుకొని పోవుచు, వెనుక ప్లాస్టికు సంచులు, గ్లాసులు, నూనె ప్రమిదలు వదలిపోవుచున్నాము. ముందటి రాత్రియే వచ్చి, పెద్ద దీపములు వెలిగించి, మైకు పెట్టి, ఇసుకమీద బండ్లు నడుపుచున్నాము. ఏ గూడు చక్రము క్రింద నలిగినదో ఎవరికిని తెలియదు. కూర్మావతారుని పేర సంకల్పము చెప్పి కూర్మముల గూండ్లు త్రొక్కినచో ఆ స్నానమునకు ఫలమేమి? స్నానమునకు విధించిన కాలము అరుణోదయము. ఆ వేళకు దీపముతో పనిలేదు, సూర్యుడే దీపము. ముందటి రాత్రి తీరము తీరముగానే చీకటిలో నుండనిండు.

ఇక మత్స్యకార సోదరులకు విన్నపము. అడుగువలలో కడ్డీల చట్రమొకటి అమర్చి, తాబేలు పైకి తప్పించుకొనిపోవు ద్వారము పెట్టు పద్ధతి కలదు. కొంత చేప పోవునని భయపడుట సహజము. కాని ఈ చట్రము లేదను కారణముననే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనుట నిలిపివేసినది. తాబేలును విడిచినచో పోవునది కొంచెము. విడువకున్న పోయినది ఎక్కువ. ఒడ్డునకు 8 కిలోమీటర్ల లోపల మరపడవలు వేటాడరాదను నియమము చిన్న పడవలవారి కూటికొరకు పెట్టినది. తాబేలునకు అదే రక్ష. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఈ తాబేలు మొదటి షెడ్యూలులో నున్నది. చంపినను, గ్రుడ్లు తీసినను మూడు సంవత్సరములకు తక్కువ కాని కారాగారము. అయితే చట్టముకంటె ముందు, తాబేలు వలలో పడినచో చేతులు జోడించి నీటిలో విడుచు ఆచారము మీ పెద్దలలో ఎందరికో కలదు. ఆ ఆచారము మాకు గురువు. గూడు కనబడినచో గ్రుడ్లను మీరు కదల్పవలదు, అటవీశాఖవారికి తెలుపుడు. ఈ తీరమున వారు గ్రుడ్లను కంచెలో భద్రపరచి, పిల్లలు వెలువడగనే సముద్రములో విడుచుచున్నారు. ఆ పనిలో చేతులు కలుపుచున్నవారు మత్స్యకారులే.

పైరు పొలములనుండి వచ్చిన రైతులు, మాకు సముద్రముతో పని యేమి యనుకొనవచ్చును. ఈ గుంటూరు, ప్రకాశము మండలములలో పెద్ద పంటలు ప్రత్తి, మిరప. 1987–88లో తెల్లదోమ వచ్చి ప్రత్తి నాశనమైనపుడు ఎందరు రైతులు ప్రాణములు తీసికొన్నారో మీలో పెద్దలకు జ్ఞాపకముండును. మందుమీద మందు కొట్టినకొలది దోమకు శత్రువులైన పురుగులు ముందు చచ్చినవి, దోమ మిగిలినది. దోమను తిను మిత్రులలో ఒకదానికి రైతు లుంచిన పేరు అక్షింతల పురుగు. చేతిలో అక్షింతలవలె ఎర్రగా నుండి పైరును ఆశీర్వదించునది. ఆశీర్వచనమును మందు కొట్టి చంపుకొనినాము. చేనిలో పక్షులు వ్రాలుటకు కర్రలు నాటుడు. చుట్టును బంతి, ఆముదము వేసి పురుగును అటు మరల్చుడు. వేపగింజల కషాయము వాడుడు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు కూడ చెప్పుచున్న మాటలే ఇవి. గట్టుమీద ఒక్క తుమ్మనో వేపనో ఉండనిండు. అదియు భూతబలియే.

సమృద్ధిగా నున్నది గదా, ఇది పోవునా యని అనుకొనవలదు. సీతమ్మకొరకు ప్రాణమిచ్చిన జటాయువు వంశమును చూడుడు. మా బాల్యమున ఊరిబయట గ్రద్దలకన్న రాబందులే ఎక్కువ. పశువులకు నొప్పి తగ్గుటకు వేసిన డైక్లోఫినాక్ అను మందు, ఆ పశువు కళేబరమును తిన్న రాబందు మూత్రపిండములను చెడగొట్టినది. 1992 మొదలు 2007 నాటికి మన దేశమున తెల్లవీపు రాబందులు 99.9 శాతము నశించినవి. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. ఎవరును రాబందును చంపదలచలేదు. ఆవు నొప్పి తీర్పదలచినారు. తెలియక చేసినను పోయినది పోయినదే. అందువలననే తెలిసికొనుట కూడ ధర్మములో భాగము.

సాధ్యమా యని సందేహించువారు గుంటూరు చేరువనున్న ఉప్పలపాడునకు పోయి చూడుడు. ఊరి చెరువులోని చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వేలకొలది గూండ్లు కట్టును. ఊరి మధ్య అంత రొద, అంత వాసన. ఐనను ఊరివారు వానిని తరుమలేదు. తమ ఊరి బిడ్డలవలె కాచుచున్నారు. వేదము చదివి కాదు, మనసు చెప్పి.

గృహస్థులకు ఒక్క మాట. అదృష్టము కలుగునని ఇంట నక్షత్ర తాబేలును పెంచుట కొందరికి వాడుక. అడవినుండి దొంగిలి తెచ్చినది అదృష్టము నియ్యదు. 2019నుండి వాని అంతర్జాతీయ వ్యాపారము పూర్తిగా నిషిద్ధము. శ్రీకూర్మమున స్వామిని దర్శింపుడు. ఇంటిలో కూర్మమును బంధింపవలదు. కొనకుండుటయే రక్షణము.

చివరగా మా విన్నపము ధర్మకర్తలకు. ఈ సంవత్సరము మాఘపౌర్ణమి స్నానమునకు ముందటి రాత్రి తీరమున మన దీపతోరణములు, మైకులు వలదు. బండ్లు ఇసుక దిగక రోడ్డుమీదనే నిలువవలెను. ప్రసాదము ఆకు దొన్నెలలో పంచవలెను. స్నానమైన పిమ్మట ప్రతి ఒక్కరును గుప్పెడు చెత్త యేరి వెనుకకు తేవలెను. అదియే ఆనాటి దక్షిణ యని మేము భావింతుము. మా వయస్సు డెబ్బది దాటినది. ఐనను ఆ వేకువ మేమును వచ్చి వంగి యేరుదుము. ముప్పది సంవత్సరముల క్రిందట ప్రక్కకు తొలగిపోయిన పాదములివి. ఆ వృద్ధుడు నేడు లేడు. అతని ప్రశ్నకు ఇయ్యవలసిన బదులు మాత్రము మాయందు మిగిలియున్నది.

రేపు సంధ్యకు కూర్చుండునపుడు ఆసనమంత్రమున కూర్మదేవతను తలచుచు ఒక్క క్షణ మాగుడు. ఈ భూమిమీద నేను కూర్చుండుటకు ముందే ఎవరో ఇక్కడ నున్నారు. వారికి చోటిచ్చి నేను కూర్చుందును. అట్లు తలచి కూర్చుండినవాని సంధ్య సఫలము, వాని యజ్ఞము సఫలము.

శ్రీకూర్మనాథుడు మనకందరకు ఆ బుద్ధి నిచ్చుగాక.

స్వస్తి.